బైండరు వేలిమీద గాటు

పుస్తకాలు కుట్టే బైండరుకు వేళ్లలో సూది దిగడం కొత్త కాదు. అందుకే పొద్దున లేచేసరికి చూపుడువేలిమీద కనిపించిన గాటును కూడా సూది ఖాతాలోనే వేసేశాడు. గాటు మానిపోయింది. ఆ తర్వాత చలిజ్వరం పట్టుకుంది. కీళ్లు బిగుసుకుపోయి, అరచేతుల నిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. పక్కవీధిలో ఉండే అక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"సూది గుచ్చుకుందండీ," అన్నాడు.

డాక్టరమ్మ మచ్చను పరీక్షగా చూసింది. "మీ సూదికి రెండు పళ్లున్నాయా? ఇది ఎలుక కాటు జ్వరం. పైన గాయం మానినా లోపలికెళ్లిన క్రిములు ఊరుకోవు. ఇంట్లో ఎలుకలున్నాయా?"

"ఒక్కటే."

"ఒక్కటేనని మీకెలా తెలుసు?"

అతను అక్క వైపు చూడకుండా చెప్పాడు. "మా ఆవిడ పోయాక, రోజూ గిన్నె అడుగున కాస్త మైదా జిగురు దానికోసం ఉంచుతున్నాను. ఆ రోజు జిగురు చెయ్యి కడుక్కోకుండా పడుకున్నాను. తప్పు దానిది కాదు."

"పక్కవీధిలో నేను బతికే ఉన్నాను కదరా," అంది అక్క.

ఇంజెక్షన్లతో జ్వరం తగ్గింది. అక్క తెచ్చి పెట్టిన బోనులో ఎలుక పడింది; బోనుతో సహా దాన్ని అక్కే తీసుకెళ్లిపోయింది. ఆ సాయంత్రం పని ముగించి, జిగురు గిన్నె అడుగున కాస్త మిగిల్చి, ఎప్పటిలాగే మూలకు జరిపాడు. చేతులు మాత్రం సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాడు.