ఇఖామాలో మేస్త్రీ, చేతిలో రొయ్యలు

ఈ రోజు సౌదీలో, జిజాన్‌లోని మా క్లినిక్‌కి జగిత్యాలాయన ఒకరు వచ్చారు. రెండు చేతులకీ మణికట్టు దాకా దద్దుర్లు.

"ఏం ముట్టుకున్నారు?" అన్నాను.

"సిమెంటు, సార్. మేస్త్రీని."

సిమెంటు పట్టే చేతులు నాకు తెలుసు. ఈయన గోళ్ల నిండా పసుపు ఉంది. తలుపు వేసి మళ్లీ అడిగాను.

"క్యాంపుల వంట జేస్త సార్. పొద్దుగాల పచ్చి రొయ్యలు ఒలుస్తుంటెనే లేసినయ్. ఈడ ఉండనిచ్చే ఇఖామా కార్డుల మేస్త్రీ అని ఉంది. చెకింగులు నడుస్తున్నయ్, కార్డుల లేని పని జేస్త దొరికితే ఇండియాకే."

మందిచ్చి, క్యాంపు బాసుకి చూపించమని 'రొయ్యలు ముట్టకూడదు' అని చీటీ రాశాను. దాని మీద తన ఇఖామా నంబరు చూసి ఆయన చీటీ వెనక్కిచ్చారు.

"రొయ్యలని ఉంటే చెకింగుల దొరుకుత. సిమెంటు ముట్టొద్దని రాయుండ్రి సార్."

ఆయన సిమెంటు ముట్టి ఆరేళ్లయిందట. రేపు మళ్లీ రొయ్యలే. మీరైతే ఏం రాసేవారు?