మగ్గం గుంటలో దిగిన సిపాయి

మా వాడి పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన బొమ్మ ఒకటి వారం నుంచి ఇంట్లో నా కాళ్ళకు అడ్డం పడుతోంది. గుమ్మడికాయంత బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, ముందు చిన్న తలుపు, లోపల బెల్టు కట్టుకుని కూర్చున్న ఒకే ఒక్క సిపాయి. ఆకాశంలో తిరిగే పెద్ద నౌక నుంచి శత్రువుల నేల మీదికి ఇలాంటి పెట్టెలు వదులుతారట, ఒక్కో దాంట్లో ఒక్కడే ఉంటాడట, నేల తాకాక గానీ తలుపు తీయకూడదట. నాకేమీ తెలియదనుకుని వాడు ఓపికగా విడమరిచి చెబుతుంటే నవ్వొచ్చింది. ఆదోనికి కోడలిగా రాకముందే, ఎమ్మిగనూరులో, తొమ్మిదేళ్ళ వయసులో నేను అలాంటి పెట్టెలో దిగినదాన్నే.

మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవి. వీధి వైపుది మా నాయనది, లోపలి నడవలోది పెదనాయనది. మగ్గం కింద నడుము లోతు గుంట ఉంటుంది. నేసేవాళ్ళు దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతారు. ఎండాకాలంలో ఇల్లంతా పెనంలా కాలుతున్నా ఆ గుంటలో మాత్రం చల్లగా, గంజి పెట్టిన నూలు వాసనతో, అలికిన మట్టి వాసనతో హాయిగా ఉండేది. వానలు పట్టుకుంటే గుంటలో చెమ్మ ఊరి మగ్గాలు ఆగిపోయేవి, అప్పుడు అందరం నడవలో చేరి ఉడకబెట్టిన పచ్చి వేరుశనక్కాయలు ఒలుచుకు తినేవాళ్ళం, అవ్వ తొక్కల కుప్ప చూసి ఎవరెన్ని తిన్నారో చెప్పి పరువు తీసేది. ఉగాదికి ఓళిగలు, దసరాకు మగ్గానికి పసుపు కుంకుమ, చేతిలో డబ్బులాడిన రోజు పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇంతకంటే గొప్ప ఇల్లు ఉంటుందని నాకు తెలియదు.

మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఉన్నంతకాలం పిల్లలు గుంట దరిదాపుల్లోకి వెళ్ళకూడదు. ఒక పడుగు అయిపోయి ఇంకోటి ఎక్కించే లోపు దొరికే రోజులే మావి. పడుగు అయిపోయినా పాత పోగుల చివర్లను పూర్తిగా తీసేయరు, మగ్గంలోనే వేలాడనిస్తారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ చివర్లకే మెలిపెట్టి అతుకుతారు. చివర్లు కోసేశారంటే ఆ మగ్గం మీద ఇక నేయరని అర్థం. మా వీధిలో ఇది పిల్లలకు కూడా ఒకరు చెప్పక్కర్లేదు.

పెదనాయన కొడుకు రాగన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. నూలు కోసం తండ్రితో ఆదోని వెళ్ళి, ఆయన బేరమాడుతున్నంతసేపూ పక్కనున్న కంప్యూటర్ ఆటల అంగట్లో నోరు తెరుచుకుని నిలబడి, ఈ సిపాయిల పెట్టెను కళ్ళలో పెట్టుకుని తెచ్చాడు. గుంట మాకు పెట్టె అయింది, అవ్వ నూలు గంప బోర్లిస్తే మూత అయింది. సిపాయి తిండికి బొరుగులు, బెల్లం. సిపాయి ఎప్పుడూ రాగన్నే. నేను పైనున్న నౌకను. గంప మూయడం, నోరు నొప్పెట్టేదాకా బుయ్యిమని మోత చేయడం, చివర్లో మగ్గం చెక్క మీద కొట్టడం నా ఉద్యోగం. రెండు దెబ్బలు మెల్లగా, కాస్త ఆగి ఒకటి గట్టిగా. ఆ గుర్తు వినకుండా తలుపు తీస్తే గాలాడక చస్తారు. శత్రువులు కూడా కొట్టొచ్చు కాబట్టి గుర్తు మా ఇద్దరికే తెలియాలని, ఎవరికైనా చెబితే కళ్ళు పోతాయని, మంత్రాలయం సామి మీద ఒట్టు వేయించి తనూ వేశాడు. మా అమ్మ ఎంత బుజ్జగించి అడిగినా నేను పెదవి విప్పలేదు. ఒక్కసారి నన్ను సిపాయిని చేయమని ఏడాదంతా అడిగాను, ఏడ్చాను, నా ఓళిగ లంచమిచ్చాను. ఓళిగ తిన్నాడు గానీ చేయలేదు.

ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక పొద్దున వాడే వచ్చి, నా వైపు చూడకుండా, "ఈ పొద్దు సిపాయివి నువ్వే, పా" అన్నాడు. బెల్లం ముక్కంతా నా చేతిలోనే పెట్టాడు. పెదనాయన గుంటలో దిగి తలెత్తి చూస్తే మగ్గం బోసిగా ఉంది, పాత చివర్లు ఒక్కటీ లేవు. నేతపని ఇంట్లో పుట్టిన పిల్లను, చూసిన మరుక్షణం కేక పెట్టాల్సింది. నేనేమనుకున్నానో తెలుసా? నాకు ఆకాశం బాగా కనబడాలని అన్నే కోసేశాడనుకున్నాను. నా కోసం ఇంత పని చేశాడే, పెదనాయన చేతిలో తన్నులు తింటాడే అని వాడి మీద జాలిపడ్డాను.

గంప మూశాడు. వాడు చేసినంత బాగా మోత నేనెప్పుడూ చేయలేదు. పైన ఏవేవో ఈడ్చిన చప్పుడు, గిన్నెల చప్పుడు, వీధిలో ఆటో ఇంజను కూడా వినబడి, రాగన్న ఈ రోజు యుద్ధం గట్టిగానే పెట్టాడని మురిసిపోయాను. తరువాత అంతా సద్దుమణిగింది. బెల్లం అయిపోయింది. నేను గుర్తు కోసం చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి గంప పక్కన అవ్వ గొంతు వినిపించింది. "లెయ్ తల్లీ, వాల్లు బెంగులూరికి పోయినారు. ఆడ మరమగ్గాల కాడ పని దొరికిందంట మీ పెదనాయనకు." నేను కదల్లేదు. అది శత్రువుల మాట అనుకున్నాను. అవ్వ మగ్గం చెక్క మీద రెండుసార్లు మెల్లగా కొట్టి, కాస్త ఆగి, ఒకసారి గట్టిగా కొట్టింది.

నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో అందరికీ నెల ముందే తెలుసు. దారిలోకి సద్దిమూట కట్టింది మా అమ్మే. నేను ఏడ్చి, వాడి కాళ్ళకు చుట్టుకుని, బయలుదేరనివ్వనని పెద్దవాళ్ళు వాడికి నన్ను గుంటలో కూర్చోబెట్టే పని అప్పజెప్పారట. వెళ్ళిపోవడం వాడి చేతిలో లేదు, అది నాకు ఆ రోజే అర్థమైంది. గుర్తు మాత్రం వాడి చేతిలోనే ఉంది. సామి మీద ఒట్టు పెట్టినదాన్ని, అమ్మకు కూడా చెప్పకుండా నేను దాచినదాన్ని, వాడు పోతూ పోతూ అవ్వకు ఇచ్చేసి పోయాడు.

ఆ గుంటను పూడ్చి ఇప్పుడు టైల్స్ వేశారు. నాయన మగ్గం కూడా పోయింది. మా వీధిలో మధ్యాహ్నం నడిస్తే టీవీల మాటలే గానీ మగ్గం చప్పుడు లేదు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆదివారం రాగన్న పెళ్ళాం పిల్లలతో మంత్రాలయం పోతూ ఆదోనిలో మా ఇంట్లో ఆగాడు. మా వాడి బొమ్మ చూసి పగలబడి నవ్వి, నన్ను గుంటలో కూర్చోబెట్టి తాము బస్సెక్కిన కథంతా అందరికీ చెప్పాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాళ్ళు లేచి చెప్పులు వేసుకుంటుంటే ఇన్నేళ్ళ నుంచి అడగాలనుకున్నది అడిగేశాను, అవ్వకు గుర్తు ఎందుకు చెప్పావన్నా అని.

రాగన్న నా ముఖంలోకి నిజంగానే ఆలోచిస్తూ చూశాడు.

"గుర్తా? ఏం గుర్తు, జయా?"

ఏం లేదులే అన్నా, బస్సుకు టైమవుతోంది అన్నాను. గుంటలో ఉన్న రోజున కూడా నేనింత మోసపోలేదు.