నంబరు పదమూడు

యేసుమణిని ఆ పల్లెలో ఎవరు పలకరించినా మొదట అడిగేది ఒక్కటే: "నంబరెంత వచ్చింది?" అన్నం తిన్నావా అని కాదు, ఎండలో ఎక్కడికి పోతున్నావని కాదు. నంబరు! చిల్లర దుకాణం శ్రీశైలమ్మ అడుగుతుంది. బోరింగు దగ్గర బిందె పట్టుకున్నవాళ్ళు అడుగుతారు. ఆదివారం చర్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే అడుగుతారు. అడిగేవాళ్ళది ప్రేమే, కాదనడానికి లేదు. కానీ ప్రేమైనా రోజూ మోయాలంటే బరువే కదా!

మార్కాపురానికి ఆటోలో పోయి వచ్చే పల్లె అది. జబ్బు రాకముందు యేసుమణి టౌనులో పలకలకు చెక్కలు బిగించే కార్ఖానాలో పనిచేసేది. మొగుడు నిత్యానందం పలకరాయి గనిలో కూలి. ఒక్కగానొక్క కూతురు కేథరిన్‌ను గిద్దలూరులో ఇచ్చారు. ఉన్నంతలో నెట్టుకొస్తున్న సంసారానికి కడుపులో గడ్డ వచ్చి పడింది. మొదట ఆర్ఎంపీ గ్యాసన్నాడు, మాత్రలిచ్చాడు. మాత్రలు మింగి మింగి కడుపు కుండలా అయ్యాక గుంటూరు పోతే, అది అండాశయం క్యాన్సరని తేలింది.

అప్పుడే ఇంట్లోకి నంబరు వచ్చింది. సీఏ 125 అని రక్తపరీక్ష. ఈ జబ్బు ఉన్న చాలామందికి రక్తంలో అదేదో పదార్థం పెరుగుతుందట. ముప్పై అయిదు లోపు ఉంటే మామూలు. యేసుమణికి నాలుగు వందలు దాటింది. ఆపరేషన్ చేసి, కీమో ఎక్కిస్తూ పోతే అది మెట్టు మెట్టుగా దిగింది. మందులు గుంటూరులో ఎక్కుతుంటే ఇక్కడ చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు. కూలికి పోయే ఆడవాళ్ళు పస్తుండి, ఎండలో కంది కోసి, సాయంత్రం వచ్చి ఆమె పేరున మోకాళ్ళూనారు. పాస్టరు ఎబినేజర్ అయ్యగారు ప్రతి ఆదివారం నంబరు చదివేవాడు. తగ్గినప్పుడల్లా సంఘమంతా "స్తోత్రం!" అని చప్పట్లు కొట్టేది. నంబరు రెండంకెల్లోకి దిగిన రోజు యేసుమణి లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ప్రభువు నన్ను ముట్టినాడని ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం లేదు.

కీమో అయిపోయి ఇంటికి పంపించేటప్పుడు గుంటూరు డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "నంబరు ఒక్కటే చూసుకుని కూర్చోవద్దమ్మా. నా దగ్గరికి రావాలి, నీ కడుపు నేను చూడాలి." ఒకటి రెండుసార్లు పోయారు. ఆ తర్వాత మార్కాపురంలోనే ఒక ల్యాబువాళ్ళు రక్తం తీసి, ఎక్కడికో పంపి, రిపోర్టు తెప్పించి ఇస్తారని తెలిసింది. ఇంకేం? నిత్యానందానికి ప్రాణం లేచొచ్చింది. రైల్లో నిలబడి పోనక్కర్లేదు, గనిలో మేస్త్రీ చేత తిట్లు తిననక్కర్లేదు. "నంబరు బాగుంటే డాక్టరమ్మ దగ్గర మనకేం పని?" అన్నాడు. పరీక్ష చేయించడం మాత్రం ఏనాడూ మానలేదు పాపం. రిపోర్టు రాగానే అయ్యగారికి చూపించేవాడు, శ్రీశైలమ్మకు చూపించేవాడు, టీ కొట్టు దగ్గర అడగనివాడికి కూడా చూపించేవాడు. చూపించాల్సిన మనిషికి తప్ప ఊరందరికీ చూపించాడు. అట్లా ఏడాది దాటిపోయింది.

ఈ ఎండాకాలం మొదలయ్యేసరికి యేసుమణికి రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం మొదలైంది. లంగా బొందు వదులు చేసి కట్టుకుంటోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, చీటికీ మాటికీ దొడ్లోకి పరుగు. ఇవన్నీ ఆమెకు తెలియనివి కావు. పోయినసారి కూడా ఈ బొందే ముందు చెప్పింది.

ఒకరోజు పొద్దున మొగుడి చెవిన వేసింది. "ఏమయ్యా, కడుపు ఉబ్బరంగా ఉంటాంది. తిండి పోవట్లేదు."

నిత్యానందం జేబులోంచి కాగితం తీసి విప్పాడు. "పదమూడు! మొన్ననే కదా వచ్చింది. పోయినసారి పద్నాలుగు, ఇప్పుడు పదమూడు. ఇంకా తగ్గింది గదే! గ్యాస్ అయ్యుంటది. సోడా తాగు."

గ్యాస్! ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండింది. కూతురికి ఫోన్ చేసింది.

"నంబరెంత వచ్చిందిమా?" అంది కేథరిన్.

"పదమూడు."

"హమ్మయ్య! మరింకేం. ఊరికే మనసులో పెట్టుకోబాక."

ఇంకెవరికి చెప్పుకోవాలి? అయ్యగారికి చెప్పాలంటే నోరు రాలేదు. బాగాలేదంటే అంతమంది పస్తులుండి చేసిన ప్రార్థన తప్పిపోయిందన్నట్టు కాదూ? రిపోర్టు బాగుందని దేవుడే చెప్తుంటే, కాదనడానికి నువ్వెవతివే అని తన మనసే తనను గదమాయించేది. అన్నిటికీ మించి ఆమె అలిసిపోయింది. మళ్ళీ ఆ సూదులు, ఆ వాంతులు, దువ్వెనకు చుట్టుకొచ్చే జుట్టు. ఆ పదమూడు నిజమైతే బాగుండునని ఊరందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆమే. కానీ కడుపు తనది. కాగితం మీద ఉన్నది తన కడుపులో లేదని ఎంత దాచుకుందామన్నా తెలుస్తూనే ఉంది.

ఇంతలో నిత్యానందం కృతజ్ఞత కూడిక పెట్టాడు. నాలుగు వందల నుంచి దిగిన నంబరు ఏడాదిపాటు పెరగకుండా ఉంటే ఇంటి ముందు కూడిక పెట్టి, సంఘానికి భోజనం పెడతానని ఎప్పుడో అనుకున్నాడట. ఆదివారం ఆరాధన కాగానే వీధిలో షామియానా వేశారు, పొట్టేలు కోశారు. కేథరిన్ ముందురోజే వచ్చింది. యేసుమణికి కొత్త చీర కట్టబోయి, "ఏంమా, కుచ్చిళ్ళు నిలవట్లేదు. లావైనావు!" అని నవ్వింది.

పాటలయ్యాయి. అయ్యగారు వాక్యం చెప్పాడు. మాంసం ఉడుకుతున్న వాసన పడక యేసుమణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు మన సిస్టర్ సాక్ష్యం చెప్తుంది," అన్నాడు అయ్యగారు. అందరూ చేతులు చప్పట్లకు సిద్ధంగా పెట్టుకున్నారు. నిత్యానందం ముందు వరసలో కొత్త చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ఆ మొహం చూసి ఆమెకు జాలేసింది. చెప్పకుండా కూర్చుందామా అనుకుంది. స్తోత్రం అనేస్తే పోతుంది, అందరూ తిని పోతారు. కానీ కొత్త చీర కింద బొందు కడుపును కోస్తోంది. లేచి మైకు అందుకుంది.

"అందరికీ వందనాలు," అంది. "నంబరు బాగుంది. నాకే బాగలేదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరిద్దరు అలవాటుకొద్దీ స్తోత్రం అన్నారు కూడా.

"మీరు నాకోసం పస్తులుండినారు. మీ రుణం నేను తీర్చుకోలేను. కానీ నాకు అన్నం పోవట్లేదు. కడుపు ముందటి మాదిరే పెరుగుతాంది. చెప్తే ఎవరూ నమ్మట్లేదు. నంబరు బాగుందని నా కడుపును నేనే నమ్మకుండా ఉందామని చూసినాను. ఇంక నాకు శక్తి లేదు. నన్ను సాక్ష్యంగా నిలబెట్టబాకండి. నేను రోగిని. ఆస్పత్రికి తీసుకపోండి."

వెనకనుంచి ఒక ముసలామె, "అంత తగ్గినాక ఇదేం అవిశ్వాసపు మాటే?" అంది. మరొకరు ఉష్ అన్నారు. ఎబినేజర్ అయ్యగారు మైకు తీసుకుని, "నంబరు చదివినాను గానీ సిస్టర్‌ను ఎట్లున్నావని నేనెప్పుడూ అడగలేదు. అది నా తప్పు," అని, "నిత్యానందం, రేపు మొదటి రైలుకు పోండి" అన్నాడు. భోజనాలు పెట్టారు.

గుంటూరులో నిత్యానందం కూర్చోకముందే కాగితం ముందుకు చాపాడు. "పదమూడే మేడమ్, తగ్గింది గూడా." డాక్టరమ్మ ఆ కాగితాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టింది. యేసుమణిని బల్లమీద పడుకోమని, కడుపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కింది. స్కానింగుకు పంపింది. కడుపులో నీరుంది, జబ్బు తిరిగి వచ్చింది.

"అందరికీ ఈ నంబరు జబ్బుతో పాటే పెరగదు," అని చెప్పింది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది. "కొందరికి అది మామూలుగా ఉండగానే లోపల జబ్బు తిరిగి వస్తుంది. అందుకే కదమ్మా రమ్మన్నాను. సరే, ఇప్పటికైనా వచ్చారు. మళ్ళీ మందులు మొదలుపెడదాం."

బయట బెంచీ మీద కూర్చున్నారు. నిత్యానందం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్పినాను కదయ్యా," అంది యేసుమణి. కోపంగా అనలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి. "నువ్వు కాగితం తీసినావు."

అతను తువ్వాలు దించి, ఆమె వైపు తిరిగి, భయంభయంగా అడిగాడు.

"నొప్పిగా ఉందా?"

ఏడాదిలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. యేసుమణికి అప్పటిదాకా రాని ఏడుపు ముంచుకొచ్చింది.

"ఉందయ్యా," అంది. "శానా ఉంది."