మూడో నీడ

మా తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు గానీ సముద్రంలో మునగడు. ఈ సంగతి అనకాపల్లిలో పెళ్లి కుదిరిన ఏ జంటకీ పట్టదు. అందరికీ సముద్రంలో సూర్యాస్తమయమే కావాలి. అందుకని ఫొటో స్టూడియో నడిపే మా ఆయన వాళ్లని తెల్లారేసరికి రాంబిల్లి వైపు ఒడ్డుకి తీసుకెళ్లి, సూర్యోదయాన్ని ఫొటోలు తీసుకొస్తాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని దానికి ఇంత నారింజ రంగు దట్టించి అస్తమయం చేస్తాను. ఇన్నేళ్లలో ఇదెలా కుదిరిందని ఒక్కరూ అడగలేదు.

రంగు వేయడం సులువే. నా మెడ విరిచేది మిగతా పని. ఒడ్డున ఏముంటే అది ఫొటోలో పడుతుంది. పడవలు, వల గుట్టలు, కాకులు, కుక్కలు, నీళ్ల సీసాలు, పొద్దున్నే కూర్చోకూడని చోట కూర్చున్న పెద్దమనుషులు. జంటకి అవేవీ వద్దు. "క్లీన్‌గా ఉండాలి ఆంటీ" అంటారు. ఆంటీ ఇంట్లో గచ్చు తుడిచి వచ్చి, ఇక్కడ కూర్చుని సముద్రం తుడుస్తుంది. ఏం బతుకో!

అందరిలోకీ నన్ను విసిగించినవాడు ఎర్ర తలగుడ్డ మనిషి. ఒడ్డు మీద నిలబడి పెద్దవల లాగే జట్టులో ఒకడు. మిగిలినవాళ్లు ఎలాగో ఫొటోకి బయట ఉండేవారు. ఇతను మాత్రం తాడు మొదట్లో, నీళ్లంచున, సరిగ్గా సూర్యుడి పక్కనే తగలడేవాడు.

"కాస్త పక్కకి జరగమని చెప్పలేవా?" అని మా ఆయన మీద లేచేదాన్ని.

"చెప్పేను. వల లాగుతున్నోడు ఎక్కడికి జరుగుతాడే? నువ్వు తీసీ" అనేవాడు.

తీసేదాన్ని. ఎన్నిసార్లని చెప్పను. ఫొటోలు తెరవగానే "వచ్చేడ్రా బాబూ" అనుకోవడం, ఆ ఎర్రగుడ్డ దగ్గర మొదలుపెట్టి కాళ్ల దాకా చెరిపేయడం. ముఖం ఎలా ఉంటుందో పెద్దది చేసి ఏనాడూ చూడలేదు.

ఒక్కసారి పొరపాటు జరిగింది. మనిషిని తీశాను గానీ తడి ఇసక మీద అతని నీడని మరిచిపోయాను. గోడకి పెట్టే పెద్ద ఫొటో అచ్చయి ఇంటికి వెళ్లాక పెళ్లికూతురి అమ్మమ్మ కనిపెట్టింది. మనుషులిద్దరు, నీడలు మూడు. "తాళి కట్టకముందే మూడో మనిషేటి? అపశకునం" అని గోల గోల చేసి తిప్పి పంపేశారు. మా ఆయన మళ్లీ వేయించి ఇచ్చాడు. తిరిగొచ్చినదాన్ని బీరువా వెనక్కి తోసి, ఆ రోజంతా ఆ ఎర్ర తలగుడ్డని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

మొన్న వానల్లో ఒక ఆవిడ స్టూడియోకి వచ్చింది. రాంబిల్లి దగ్గర పల్లె నుంచి రెండు ఆటోలు మారి వచ్చిందట. సంచిలోంచి భర్త ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన సముద్రంలో కాదు, ఇంట్లో నిద్రలోనే పోయాడట. ఆదివారం పెద్దకర్మ. దండ వేయడానికి ఫొటో కావాలి.

ఆధార్ బొమ్మలోంచి దండ ఫొటో చేయడం మాకు అలవాటే. "దీన్నే పెద్దది చేస్తానమ్మా" అన్నాను.

"ఇది ఒద్దమ్మా. ఇందులో ఆడు ఆడిలాగ లేడు, దొంగని పట్టుకున్నట్టున్నాడు. మీకాడ ఆడి పొటోలు సానా ఉన్నాయి కదా. అందులో మంచిదొకటియ్యండి."

"మా దగ్గరా?"

"మీ పొటోల బాబుగారు ఒడ్డుకొచ్చినప్పుడల్లా ఆడు పొటోలో పడేవోడు. ఇంటికొచ్చి, ఈయేళ కూడా పడ్డానే అని సెప్పేవోడు. అనకాపల్లిలో పెళ్లయిన పెతీ ఇంట్లో నా బొమ్మ ఉంటాదే అని ఒకటే గొప్ప. అందుకే మేం వేరేగా తీయించలేదు. ఎర్ర తువ్వాలు తలకి సుట్టుకునుంటాడు, సూడండి."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. నిజం చెప్పడానికి నోరు రాక, "వెతుకుతానమ్మా, రేపు రండి" అన్నాను. వట్టి పిరికితనం. పాపం, ఆవిడ సరేనని మళ్లీ వానలోకి వెళ్లిపోయింది.

వెతకడానికేముంది? ఆల్బం ఇచ్చేశాక కంప్యూటర్లో చోటు చాలక అసలు ఫొటోలు చెరిపేస్తాం. అయినా సాయంత్రం దాకా ఉన్నవన్నీ తెరిచి చూశాను. సముద్రం ఎంత శుభ్రంగా ఉందో! అతను ఉండాల్సిన ప్రతిచోటా నేను వేసిన నీళ్లే. ఎక్కడా అతుకు కూడా తెలియడం లేదు. దిక్కుమాలిన పనితనం.

మర్నాడు ఆవిడ చెప్పిన వేళకే వచ్చింది. కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తెర వైపు చూసింది.

"మడిసిని తుడిసీసేరేటమ్మా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఆడేటి తప్పు సేసేడు? ఆడి పని ఆడు సేసుకున్నాడు."

"తప్పు నాదేనమ్మా" అన్నాను. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక పక్కకి తిరిగితే బీరువా కనబడింది.

వెనక నుంచి ఆ పెద్ద ఫొటో లాగి, దుమ్ము దులిపి, ఆవిడ ముందు నిలబెట్టాను. జంట సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంది. వాళ్ల నీడలు, పక్కన మూడో నీడ, మా వైపు పొడుగ్గా పడి ఉన్నాయి. ఆవిడ వంగి మూడోదాని మీద వేలు పెట్టింది. చేతులు తాడు పట్టుకున్నట్టే ఉన్నాయి. తలగుడ్డ కొస ఎడమ చెవి మీదకి వేలాడుతోంది.

"ఆడే" అంది. "ఆ కొస ఎప్పుడూ అలాగే జారిపోయేది. దోపుకోమంటే ఇనేవోడు కాదు."

అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు. కాసేపటికి పైటతో ముఖం తుడుచుకుని, పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ చూపించింది.

"ఈలిద్దరూ ఎవరమ్మా? అడ్డంగా ఉన్నారు. తీసీండి."

మా ఆయన ఆ ఫొటోకే ఫొటో తీసి కంప్యూటర్లో వేశాడు. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుంది. ముందు పెళ్లికూతుర్ని తీశాను, తర్వాత పెళ్లికొడుకుని, తర్వాత వాళ్ల నీడల్ని. ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ పని చేయలేదు. ఇసక మీద ఒక్క నీడే మిగిలింది. చివరికి నేను దట్టించిన నారింజ రంగంతా తగ్గించుకుంటూ వచ్చాను. నీళ్లు తెల్లబడ్డాయి.

"ఆఁ, ఇదే" అంది ఆవిడ. "ఆడు వల లాగే ఏళ ఇదే."