వఫ్రా దారిలో పూయని అమరిల్లిస్ గడ్డలు

చలికాలంలో కువైట్ దక్షిణాన ఉన్న వఫ్రా తోటలు చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చివరికి అక్కడికి వెళ్లింది మాత్రం విహారానికి కాదు, ఓబులమ్మకు తోడుగా. నేను హవల్లీలో ఉంటాను, జాబ్రియాలోని ఒక దంతవైద్యశాలలో రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఓబులమ్మది రాయచోటి దగ్గర పల్లె. మా క్లినిక్ వెనక వీధిలో ఒక ఇంట్లో వంట, పిల్లల పని చూస్తుంది. ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తుంది. ఆమెకు అమరిల్లిస్ పూలంటే ప్రాణం. నిరుడు ఎర్రగా విరగబూసిన గడ్డలు ఈ జనవరిలో ఆకులు తప్ప ఒక్క మొగ్గ కూడా వేయలేదు. మంచి గడ్డలు ఎవరికో ఇచ్చేసి సూక్ బజారు నుంచి నాసిరకం తెచ్చి పెట్టావని మామా ఓబులమ్మను అనుమానించింది. వాటిని అమ్మిన తోటకే తీసుకెళ్లి నిజం తేల్చుకురమ్మంది. లేదంటే ఈ దేశంలో ఉండటానికి కావలసిన ఇఖామా రెన్యువల్ చేయించనని కూడా అంది.

"ఇంగ్లీషు మాట్లాడనీకి నువ్వు రా అక్కా. నేనేం చెప్పినా అబద్ధమనే అనుకుంటా ఉంది" అని ఓబులమ్మ అడిగితే కాదనలేకపోయాను.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు మామా కారులోనే బయలుదేరాం. డ్రైవర్ రఫీక్ బంగ్లాదేశ్ వాడు, ఆ ఇంట్లో చాలా ఏళ్లుగా ఉన్నాడు. సొంత కారు లేనివాళ్లు టాక్సీని రానూపోనూ ముందే మాట్లాడుకోండి. పదిహేను, ఇరవై దీనార్ల మధ్య అడుగుతారు, అక్కడ తిరుగు టాక్సీ దొరకడం కష్టం. ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడ చలికాలపు గుడారాలు. అద్దం దించితే చెవులు జివ్వుమన్నాయి. పెట్రోల్ బంకు దగ్గర కరక్ చాయ్‌కి ఆగినప్పుడు రఫీక్ దూరంగా వెళ్లి గొంతు తగ్గించి ఫోన్‌లో మాట్లాడాడు. మమ్మల్ని చూడగానే పెట్టేశాడు.

"మామాకే చెప్తా ఉంటాడు, మనం యాడున్నామో ఏం మాట్లాడుకుంటున్నామో" అంది ఓబులమ్మ. గడ్డల బుట్టను ఒళ్లోంచి దించనే లేదు. నాకూ అదే అనిపించింది. ఆ తరవాత కారులో మేం తెలుగులో కూడా పెద్దగా మాట్లాడుకోలేదు.

గంటన్నర ప్రయాణం తరవాత వఫ్రా వచ్చింది. శుక్రవారం కాబట్టి కూరగాయల సంత కిటకిటలాడుతోంది. తాజా దోసకాయలు, టమాటాలు పెట్టెల లెక్కన చవకగా దొరుకుతాయి. మేం వెళ్లాల్సిన పూలతోట సంతకు కాస్త అవతల ఉంది. దాన్ని చూసే ఇంతియాజ్ కడప వాడు, ఉద్యానశాస్త్రం చదువుకుని వచ్చాడు. తెలుగు వినగానే నవ్వాడు గానీ, బుట్ట చూడగానే ఆ నవ్వు పోయింది.

"ఇవి మా దగ్గర కొన్నవేనని ఎట్ల చెప్తారు మేడం? వాపసు తీసుకోము" అన్నాడు. అడగకముందే వాపసు మాట ఎందుకొచ్చింది? పాడైన గడ్డలు ఇతనే అమ్మి ఉంటాడని నాకు గట్టిగా అనుమానం వచ్చింది. వెనక ఉన్న చల్లగది తలుపు తెరవమంటే, చలి పోతుందని ఒప్పుకోలేదు. నేను వదల్లేదు. చివరికి తలుపు కొంచెం తీశాడు. లోపల అరల నిండా మట్టి దులిపిన గడ్డలు, ఎండిన పొరలతో ఉల్లిపాయల్లా పడుకున్నాయి.

"వీటిది దక్షిణ అమెరికా. చలి దేశాల్లో కుండీల్లో కిటికీ దగ్గర పెంచుకుంటారు. ఆకులు ఎండినాక నీళ్లు మానేసి రెండు నెలలపైన చల్లగా నిద్రపోనియ్యాల. అక్కడ చలి ఊరికే దొరుకుతాది, ఇక్కడ మనమే తయారుచేసుకోవాల" అన్నాడు. తరవాత బుట్టలోని గడ్డలను ఒక్కొక్కటే నొక్కి చూశాడు. "సంగతి తెలియాలంటే ఒకటి కోయాల."

ఓబులమ్మ బుట్ట వెనక్కి లాక్కుంది. "ఒకటి తక్కువైతే అది కూడా నేనే అమ్ముకున్నానంటాది."

మామాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఓబులమ్మ అన్నింటికంటే పెద్దదాన్ని తీసి బల్ల మీద పెట్టింది. "కొయ్యండి సార్. కోయకుంటే ఎట్లాగూ దొంగనే."

కత్తి దిగుతుంటే రఫీక్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. వీడికి ఇదొక్కటే తక్కువ అనుకున్నాను. గడ్డ రెండుగా విడిపోయింది. తెల్లటి పొరల నడుమ గోధుమరంగులో, కాగితంలా ఎండిన సన్నని మొగ్గ కనిపించింది.

"నాసిరకం గడ్డయితే మొగ్గే ఉండదమ్మా. ఇది బాగా తిని పెరిగిన గడ్డ. నిద్రలో ఉండగా వేడి తగిలి మొగ్గ మాడిపోయింది. ఎండాకాలంలో ఎక్కడ పెట్టినారు?"

"స్టోర్ రూములో, ఏసీ వేసి పెట్టినా. మళ్లా నన్ను కూడా పిలుచుకొని అందరూ లండన్ పోయిరి" అంది ఓబులమ్మ.

రఫీక్ వీడియో ఆపేశాడు.

తిరుగు దారిలో మామా ఫోన్ చేసింది. రఫీక్ స్పీకర్ పెట్టాడు. అతను పంపిన వీడియో చూశానని, స్టోర్ రూములో ఏసీ ఎవరు ఆపారని ఆమె అరబీలో అడిగింది. ఓబులమ్మ నోరు తెరిచేలోపే అతను చెప్పాడు. ఇల్లు మూసేటప్పుడు అన్ని ఏసీలూ ఆపమని ఇంటి యజమాని బాబా చెప్పాడట. ఆ స్టోర్ రూముది కూడా తనే ఆపాడట. వాళ్లు తిరిగొచ్చే ముందు రోజు మళ్లీ వేశాడట. "ఖలాస్", ఇక చాలు అని మామా ఫోన్ పెట్టేసింది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?" ఓబులమ్మ హిందీలో అడిగింది.

"అడిగింది నిన్ను. నన్ను ఎవరూ అడగలేదు" అన్నాడు రఫీక్, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. గేరు మారుస్తూ, "నాకూ ఇఖామా ఉంది కదా" అన్నాడు.

ఓబులమ్మ బుట్ట పక్క సీటులో పెట్టి, తల వెనక్కి వాల్చి జాబ్రియా దాకా కళ్లు మూసుకుంది.

ఆమె ఇఖామా రెన్యువల్ అయింది. మామా క్షమాపణ అడగలేదు. గడ్డలు మళ్లీ నాటమని మాత్రం చెప్పిందట. ఆ రోజంతా నేను అనుమానించని మనిషి లేడు. ఇంతియాజ్ తలుపు తెరవనన్నది చలి కాపాడటానికే. రఫీక్ మాత్రం నిజంగానే ఒక సంగతి దాచాడు, దాన్ని చెప్పిందీ అతనే. అతన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఓబులమ్మ అతనికి అన్నం పెడుతోంది, మాట్లాడటం మాత్రం మానేసింది.

వఫ్రా నుంచి అమరిల్లిస్ గడ్డలు తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట: వాటిని నిద్రపుచ్చడానికి ఫ్రిజ్‌లో పెడితే, అందులో ఆపిల్ పండ్లు ఉంచకండి. పండ్ల నుంచి వచ్చే వాయువుకు లోపలి మొగ్గ పైకి తెలియకుండానే చచ్చిపోతుంది.