రెండో తాళంచెవి

నగరిలో మరమగ్గాల వీధికి దొరస్వామి కారు ఒక వేడుక. దాని తాళం ఎంత అరిగిపోయిందంటే, సొంత చెవితో దానికి పనే లేదు. స్కూటరు చెవి పెట్టినా తిరిగేది, బీరువా చెవి పెట్టినా తిరిగేది. ఎదురింటి మురుగేష్ ఒకసారి పందెం కాసి చెంచా కాడతో స్టార్ట్ చేశాడు. "ఇది కారు కాదప్పా, ధర్మసత్రం" అని వీధంతా నవ్వింది. దొరస్వామి కూడా నవ్వాడు. కొడుకు తాగుడు మొదలుపెట్టేదాకా అది నవ్వుకునే సంగతే మరి.

మగ్గాలు పాత ఇనుము కింద పోయాక, ఇంట్లో మిగిలిన బతుకుతెరువు ఆ కారే. కొడుకు ప్రతాప్ రేణిగుంట స్టేషన్లో దిగే యాత్రికులను తిరుపతికి, శ్రీకాళహస్తికి తిప్పేవాడు. మంచి డ్రైవరు, మాట తీరు కూడా బాగుండేది. ఏ స్నేహం పట్టుకుందో, ఏ దిగులు పట్టుకుందో, సాయంత్రమయితే సీసా పట్టుకున్నాడు. నాయన తాళంచెవి దాచాడు. వాడు బీరువా చెవితో కారు తీసుకుపోయాడు. బీరువా చెవి దాచాడు. వాడు పక్కింటి స్కూటరు చెవి అడుక్కున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, దొరస్వామి ఎంతటివాడు?

చివరికి పుత్తూరు దగ్గర కల్వర్టుకు గుద్దాడు. బంపరు పోయింది, వాడి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కానీ దొరస్వామికి నిద్ర పోయింది. కల్వర్టు బదులు అక్కడ ఏ కన్నతల్లి బిడ్డో నిలబడి ఉంటే? ఆ భయంలో తప్పేమీ లేదు. తర్వాత జరిగినదానికి అతన్ని తిట్టేవాళ్లు ఈ ముక్క మరిచిపోకూడదు.

తాళం మార్చాలనుకున్నాడు. షెడ్డుకు తీసుకుపోదామంటే మెకానిక్ ప్రతాప్‌కు జిగిరీ దోస్తు, ఒక చెవి వాడి చేతిలో పెట్టేస్తాడని అనుమానం. తిరుపతిలో విడిభాగాల కొట్టుకు పోయి తాళం తెచ్చుకుని, ఫోన్లో వీడియో చూసి, కొడుకు ఊళ్లో లేని ఆదివారం తానే పనికి కూర్చున్నాడు. మగ్గాన్ని ముక్కలుగా విప్పి మళ్లీ బిగించిన చేతులవి. ఆయనకిదో లెక్కా?

బ్యాటరీ వైరు పీకాడు. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మూత విప్పాడు. అసలు తంటా అక్కడే వచ్చింది. తాళాన్ని పట్టుకున్న బోల్టులకు తలలు లేవు. దొంగలు విప్పకూడదని, గట్టిగా బిగించేసరికి తల తెగిపోయేలాగే వాటిని చేస్తారట. ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, గాడి చేసి, ఆ గాడిలో మళ్లీ ఉలి ఆనించి వెనక్కి తిప్పుతూ మధ్యాహ్నందాకా చెమటోడ్చాడు. భార్య వసంతమ్మ పక్కన వంగి టార్చి పట్టుకుంది. మగ్గాలున్నన్నాళ్లూ ఆ కుడిచేత్తోనే నూలు కండెలు చుట్టింది. టార్చి కూడా అదురూ బెదురూ లేకుండా పట్టుకుంది.

"ఏమయ్యా, పిల్లోడికి చెప్పకుండా చేస్తా ఉండావే, వాడు నొచ్చుకోడా?"

"నొచ్చుకోనీ. సచ్చేదానికంటే నొచ్చుకునేది మేలు."

"వాడు మారతా ఉండాడయ్యా. నిన్న నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినాడు."

"తాగేవాడి ఒట్టు తెల్లారితే గట్టు. టార్చి సరిగా పట్టు."

కొత్త తాళం పెట్టి, కొత్త బోల్టులు బిగించాడు. తలలు టక్కున తెగి ఒళ్లో పడ్డాయి. బ్యాటరీ వైరు తగిలించి చెవి తిప్పితే కారు ఒక్క పిలుపుకే పలికింది. చెవి తీసేసి స్టీరింగ్ చక్రం తిప్పితే ఠక్‌మని బిగుసుకుపోయింది. పాత తాళం ఆ గుణం ఎప్పుడో మరిచిపోయింది. దొరస్వామికి ముచ్చటేసింది. పెళ్లాన్ని కూర్చోబెట్టి చక్రం తిప్పమన్నాడు. ఆమె రెండు చేతులతో లాగినా కదల్లేదు.

"సూసినావా! ఇంగ దేవుడే దిగొచ్చినా నా చెవి లేకుండా ఈ బండి కదల్దు."

తాళంతో రెండు చెవులు వచ్చాయి. ఒకటి తనకిమ్మని ఆమె చెయ్యి చాపింది, ఆపదకూ సంపదకూ ఇంట్లో ఉండనీ అంది. "నీ దగ్గరుంటే వాడి దగ్గరున్నట్టే" అన్నాడు. మగ్గాల షెడ్డు చెవి మొలతాడుకు కట్టుకోవడం వాళ్ల తాత నాటి నుంచీ ఆ ఇంటి మగవాళ్ల అలవాటు. షెడ్డు పోయినప్పటి నుంచి ఆ మొలతాడు బోసిగా ఉంది. రెండు చెవులూ దానికే కట్టుకుని, నేతగాడి ముడి వేసుకున్నాడు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. పొద్దున్నే ప్రతాప్ నాయన ముందు నిలబడాలి. నోరు తెరిచి ఊదాలి. వాసన లేకపోతే దొరస్వామి ముడి విప్పి ఒక చెవి ఇస్తాడు, రాగానే మళ్లీ తీసుకుంటాడు. పెళ్లీడు దాటిన కొడుకు. తల దించుకుని ఊదేవాడు. వాసన రావడం ఏనాడో మానేసింది. దొరస్వామి ఊదించడం మాత్రం మానలేదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా.

చిత్తూరులో దగ్గరి చుట్టం కర్మాంతరం వచ్చింది. ఇద్దరూ పోవలసింది. పొద్దుటి నుంచి తల దిమ్ముగా ఉందని వసంతమ్మ ఆగిపోయింది. బాడుగ లేని రోజు, ప్రతాప్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. వాకిట్లో ఆమె మళ్లీ చెయ్యి చాపింది.

"ఒక చెవి ఇచ్చిపోయ్యా. నాకేందో బాగల్యా ఈ పొద్దు."

"తల్లీకొడుకులిద్దరూ కలిసి నాటకమాడతా ఉండారా? ఆ పప్పులు నా దగ్గర ఉడకవు."

బస్సెక్కాడు. చిత్తూరులో విస్తరి ముందు కూర్చున్నాడో లేదో ఫోన్ మోగింది. కొడుకు.

"నాయనా, రెండో చెవి యాడ పెట్టినావు? బిరీన చెప్పు, ఈడ..."

"నీకెందుకురా?" అని కట్ చేశాడు. మళ్లీ మోగింది. పక్కవాళ్లు చూస్తున్నారు. ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకుని, పాయసం వేయించుకున్నాడు. ఆ పాయసం గురించి ఇప్పటికీ తలుచుకుంటాడు. తీపి సరిపోయిందని వడ్డించేవాడితో అన్నాడట.

చేతులు కడుక్కుంటూ ఉండగా చుట్టాల ఫోన్‌కు మురుగేష్ చేశాడు.

"అన్నా, వదిన పడిపోయింది. మూతి వంకర పోయింది. ఆటోలో తిరుపతికి తీసకపోయినారు. నువ్వు నేరుగా ఆడికే పో."

మిగిలింది తర్వాత మురుగేషే చెప్పాడు. తల్లిని ఎత్తుకొచ్చి ప్రతాప్ కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. బీరువా చెవి, స్కూటరు చెవి, ఇంట్లో ఉన్న చెవులన్నీ పెట్టి చూశాడు. కొత్త తాళం ఒక్కదాన్నీ లోపలికి రానివ్వలేదు. స్టీరింగ్ కింద మూత పీకి, వైర్లు తెంపి ఒకదానికొకటి తగిలిస్తే ఇంజన్ పలికింది. వాడు "అమ్మా, అయిపాయె, పోతా ఉండాం" అని అరిచాడట. చక్రం తిప్పబోయాడు. బిగుసుకుపోయి ఉంది. కాళ్లు తన్నిపెట్టి లాగాడు, సుత్తితో కొట్టాడు, అరచేతులు చీరుకుపోయాయి. తలల్లేని బోల్టులను ఏ పానా పట్టుకుంటుంది? అది వీధి మలుపులో ఉన్న ఇల్లు, తిప్పకుండా కారు గడప దాటదు. అంబులెన్సు దూరంలో ఉందన్నారు. ఆటోలన్నీ పెళ్లి బాడుగకు పోయి ఉన్నాయి. మురుగేష్ బజారుదాకా పరుగెత్తి ఒకదాన్ని తెచ్చేసరికి ఆమెకు మాట పోయింది.

ఆటో వెళ్లిపోయినా కారు ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆపడం ఎవరికీ చేతకాలేదు. పెట్రోలు అయిపోయేదాకా వాకిట్లో అలాగే ఆడిందట.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు, ఇంకొంచెం ముందు తెచ్చి ఉండాల్సింది అని మాత్రం అన్నాడు. ప్రతాప్ గోడకానుకుని కూర్చున్నాడు, చేతులకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. దొరస్వామి పక్కన కూలబడ్డాడు. కొడుకు తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఇంజన్ ఆడింది నాయనా. చక్రం తిరగల్యా" అన్నాడు వాడు.

వసంతమ్మ ఇంటికొచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట లేదు. తల్లికి గంజి తాపేదీ, ఒళ్లు తుడిచేదీ ప్రతాపే. సీసా జోలికి పోలేదు. తెంపిన వైర్లు కలిపించుకుని, అదే తాళంతో బాడుగలకు పోతున్నాడు. దొరస్వామి ఒక చెవి తీసి గూట్లో పెట్టేశాడు, ఎప్పుడు కావాలన్నా తీసుకోమన్నాడు. వాడు తనంతట తాను తీసుకోడు. పొద్దున్నే నాయన ముందుకొచ్చి నిలబడతాడు. నోరు తెరిచి ఊదుతాడు.

"వద్దురా నాయనా, వద్దు" అని దొరస్వామి చేతులు అడ్డం పెట్టుకుంటాడు. వాడు ఊదిన తర్వాతే చెవికి చెయ్యి చాపుతాడు.

ఒకరోజు వాడు వెళ్లాక దొరస్వామి మొలతాడు ముడి విప్పి రెండో చెవి తీశాడు. మంచం పక్కన కూర్చుని, "ఇదో వసంతా, నీ చెవి. నువ్వే పెట్టుకో" అని ఆమె కుడి అరచేతిలో పెట్టాడు. వేళ్లు ముడుచుకోలేదు. చెవి జారి కింద పడింది. ఆమె అతన్నే చూస్తోంది. దొరస్వామి వంగి తీశాడు, మళ్లీ పెట్టాడు, ఆమె వేళ్లను తన చేత్తో ఒక్కొక్కటిగా మూశాడు. చెయ్యి వదలగానే అవి మళ్లీ తెరుచుకున్నాయి.