అల్లుడి బ్యాగు

బడి గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన్ని అందరూ చెకింగుగారు అంటారు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా బుద్ధి పోలేదు. తన నీడ రెండడుగులు ముందు నడిస్తే ఎక్కడికి పోతున్నావని నిలదీసే రకం. అలాంటివాడు సొంత అల్లుణ్ణి మాత్రం ఎలా నమ్ముతాడు?

ఆ మధ్య చేతిగడియారం కనపడకపోతే అల్లుడి జేబుల వంక అదోలా చూశాడు. గడియారం దిండు కిందే దొరికింది కానీ కూతురు ఊరుకోలేదు. "ఇంకోసారి మా ఆయన్ని అనుమానించావంటే నీ గడప తొక్కను నాన్నా" అనేసింది. భార్య పోయాక ఆ ఇంటికి వచ్చి పలకరించేది కూతురొక్కతే. ఆ మాటకు ఆయన నిజంగానే భయపడ్డాడు.

సరిగ్గా అప్పుడే బడిలో కెమెరాలు మార్చే పని ఆ అల్లుడికి వచ్చిపడింది. పాతవి టేపుల మీద రికార్డయ్యేవి. వాటిలో మనుషులు మసకమసగ్గా కదిలేవారు, ఎవరు ఎవరో పోల్చుకోవడం బ్రహ్మతరం కూడా కాదు. కొత్తవన్నీ డిజిటలట. అడిగిన క్షణం అడిగిన చోటు తెరమీద కనిపిస్తుందట.

చెకింగుగారు కళ్లలో వత్తులు వేసుకుని అల్లుణ్ణి కనిపెట్టుకునే ఉన్నాడు. మధ్యాహ్నం అతను నిచ్చెనెక్కి తరగతి గదిలో వైర్లు లాగుతుంటే, వరండా బెంచీ మీద బ్యాగు ఒంటరిగా దొరికింది. కూతురి మాట గుర్తొచ్చింది. చెయ్యి ఆగలేదు. జిప్పు లాగాడు. స్క్రూడ్రైవర్లు, వైరు చుట్ట, కూతురు కట్టిచ్చిన క్యారియర్. అడుగున ఏమైనా దాచాడేమోనని అన్నం కూడా చెంచాతో కెలికాడు. క్యారియర్ కింద, గుడ్డలో చుట్టిన కొత్త కెమెరా ఉంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను పట్టాడు. ఆ ఊపులో నేరుగా ప్రిన్సిపాల్ మేడమ్ గదిలోకి వెళ్లాడు.

"సొంతవాడని దాచను మేడమ్. కొత్త కెమెరా ఒకటి మా అల్లుడి బ్యాగులో ఉంది."

మేడమ్ అల్లుణ్ణి పిలిపించి అడిగింది.

"పొద్దున మీతో అన్నానే, అదేనండి. బొమ్మ రావట్లేదు. షాపులో మార్చుకొస్తాను."

"అవును, అన్నావు." ఆమె చెకింగుగారి వైపు తిరిగింది. "బ్యాగులో ఉందని మీకెలా తెలిసింది?"

"తెరిచే ఉందండి. అటు పోతుంటే కంటపడింది."

"వరండా కెమెరా పనిచేస్తోందిగా, చూద్దాం."

"ఎందుకులెండి మేడమ్, వదిలేయండి" అన్నాడు అల్లుడు. ఆమె అప్పటికే మీట నొక్కేసింది.

వరండా అద్దంలా కనిపించింది. అటూ ఇటూ చూసి జిప్పు లాగుతున్న ముసలాయన, మీసంలో నెరిసిన వెంట్రుకలతో సహా. అన్నం కెలికే దగ్గర మేడమ్ తల దించుకుంది. చెకింగుగారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

బయటికి వచ్చాక మెల్లిగా అడిగాడు. "అమ్మాయితో చెప్తారా?"

"చెప్పనండి మామయ్యగారూ." అల్లుడు ఆ క్యారియర్ తినకుండానే మూసి బ్యాగులో పెట్టుకున్నాడు.

ఆదివారం కూతురు వచ్చింది. ఇల్లు సర్దింది, కబుర్లు చెప్పింది, నవ్వింది. తినని క్యారియర్ చూసి మొగుణ్ణి ఏమడిగి ఉంటుంది? అతనేమని ఉంటాడు? ఆయన ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదమ్మా."

అల్లుడు మాట నిలబెట్టుకున్నాడని నమ్మాలని ఆయనకు ఎంతో ఉంది. నమ్మడమే చేతకాలేదు.